ఊలు అల్లిక, క్రోషే, నూలు వడకడం: ఏ పాఠాలను నమ్మాలి, ఏ వరసలో నేర్చుకోవాలి?

పసుపుదారం

అందరికీ నమస్కారమండీ. ఊలు అల్లిక, క్రోషే మొదలుపెట్టాలని ఉంది. వీలైతే తకిలీ మీద పత్తి నూలు వడకడం కూడా. వీడియోలకు కొదవ లేదు గానీ ఒకదానితో ఒకటి పొంతన కుదరడం లేదు. ఒకరు 8 నంబరు సూది అంటారు, మన కొట్టులో 8 నంబరు కొంటే వాళ్లు చెప్పిన కొలత రాదు. ఒకరి డబుల్ క్రోషే ఇంకొకరి డబుల్ క్రోషేలా ఉండదు. తెలుగులో వరసగా చెప్పేవి తక్కువ. మరి ఇంగ్లీషు, హిందీ పాఠాల్లో పనికొచ్చేదాన్ని గుర్తుపట్టడం ఎలా? మన ప్రాంతంలో దగ్గర కూర్చుని చూసి నేర్చుకునే చోట్లు ఏమున్నాయి?

సూదిమొన

ముందు సూది నంబరు సంగతి తేల్చేద్దాం, ఎక్కువమంది అక్కడే ఆగిపోతున్నారు. మన కొట్లలో అమ్మే నంబర్లు పాత బ్రిటిష్ పద్ధతివి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మి.మీ., 9 అంటే 3.75, 10 అంటే 3.25, 11 అంటే 3, 12 అంటే 2.75. అమెరికా వాళ్లది దీనికి తిరగేసిన లెక్క, నంబరు పెరిగితే సూది లావు. వాళ్ల 8 అంటే 5 మి.మీ., వాళ్ల 10 అంటే 6 మి.మీ. అందుకే పాఠంలో మిల్లీమీటర్లు వెతకండి. అవి చెప్పని పాఠాన్ని పక్కన పెట్టేయండి. ఇంట్లో పాత సూదుల మీద అంకెలు చెరిగిపోయి ఉంటే, చిల్లులున్న సూది కొలత పలక ఒకటి కొనుక్కుంటే చాలు. సూది బిగుసుకోకుండా, వదులుగా ఆడకుండా దూరిన చిల్లే దాని కొలత.

హిందీ వీడియోల్లో ఒక సౌకర్యం ఉంది. వాళ్లు చెప్పే నంబర్లు మన కొట్టు నంబర్లే. సీధా అంటే నిట్ (నేరు కుట్టు), ఉల్టా అంటే పర్ల్ (తిరగేసిన కుట్టు), ఫందా అంటే కుట్టు, జాలీ అంటే పోగు చుట్టి వదిలే రంధ్రం. సలాయి అన్న మాట సూదికీ వాడతారు, వరసకీ వాడతారు. ఈ అయిదు మాటలు తెలిస్తే హిందీ అంతగా రాకపోయినా పని నడుస్తుంది.

ఇక వీడియో మంచిదా కాదా అన్నదానికి నా గీటురాయి ఒకటే. కుట్టు సూది మీద ఎలా కూర్చుందో చూపించారా లేదా? సూది మీద ఉన్న ప్రతి కుట్టుకీ రెండు కాళ్లుంటాయి, ఒకటి సూదికి ముందు, ఒకటి వెనక. మామూలు పద్ధతిలో సూది మొనకు దగ్గరగా ఉండే కాలు ముందువైపు ఉంటుంది. పర్ల్ వేసేటప్పుడు పోగును సూది చుట్టూ ఎదురు దిక్కున తిప్పితే ఆ కాలు వెనక్కి పోతుంది. తర్వాతి వరసలో ముందు కాల్లోంచే నిట్ వేస్తే కుట్టు మొదట్లో కత్తెరలా మెలిపడుతుంది. ఇలా నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, బట్ట బిగుసుగా ఎందుకొస్తోందో, ఒక పక్కకి ఎందుకు లాగుతోందో వాళ్లకు అంతుపట్టదు. మందు సులువే: పర్ల్ చుట్టే దిక్కు మార్చుకోండి, లేదా ఆ వరసలోని కుట్లను వెనక కాల్లోంచి నిట్ వేయండి. రెండో దారి పట్టినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తగ్గింపు కుట్లు వేసేటప్పుడు కాలు ముందుకి తిప్పి కూర్చోబెట్టకపోతే, రెండు కలిపి నిట్ వేసిన చోటల్లా మెలిపడి కనిపిస్తుంది.

ఇదంతా చూపించకుండా "ఇలా, ఇలా" అంటూ చేతులు గబగబా కదిలించే వీడియో ఎంత అందంగా తీసినా నేర్చుకోవడానికి పనికిరాదు. ప్లేయర్‌లో వేగం సగానికి తగ్గించి చూడండి. పోగు ఏ వేలి మీదుగా వస్తోందో, సూది ఏ కాల్లో దూరుతోందో అప్పటికీ కనబడకపోతే ఆ వీడియో కట్టేయండి.

లేసుసీమ

క్రోషే సంగతి నేను చెబుతాను. డబుల్ క్రోషే గొడవ అంతా అమెరికా, బ్రిటన్ పేర్ల తేడా. అమెరికా సింగిల్ క్రోషేనే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ క్రోషే బ్రిటన్‌లో ట్రెబుల్. ఒక మెట్టు జరిగిందంతే. ఇప్పటి నమూనాలో సింగిల్ క్రోషే అన్న మాట ఒక్కచోట కనబడినా అది అమెరికా పద్ధతి అనుకోండి, ఇప్పటి బ్రిటిష్ నమూనాల్లో ఆ మాట ఉండదు. మన దగ్గర దొరికే పాత పుస్తకాలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతివి, ఇప్పటి వీడియోలు ఎక్కువగా అమెరికా పద్ధతివి. అందుకే రెండూ కలిసిపోయి తలనొప్పి. ఇక్కడ నేను అమెరికా పేర్లే వాడుతున్నాను.

పేర్లతో పేచీ వద్దనుకుంటే బొమ్మల నమూనాలు చదవడం నేర్చుకోండి. జపాన్, రష్యా, చైనా నమూనాలు ఎక్కువగా గుర్తులతోనే ఉంటాయి. కోడిగుడ్డు ఆకారం చైన్, నల్ల చుక్క స్లిప్ స్టిచ్, గుణకారం గుర్తు లేదా కూడిక గుర్తు సింగిల్ క్రోషే, నిలువు గీత మీద అడ్డగీతతో ఉన్న టి హాఫ్ డబుల్. ఆ టి నడుమ ఒక ఏటవాలు గీత ఉంటే డబుల్, రెండు ఉంటే ట్రెబుల్. డబుల్ నుంచి పైకి ఆ ఏటవాలు గీతల లెక్క, కొక్కెం మీద ముందుగా చుట్టుకునే పోగుల లెక్క ఒకటే. అమెరికాలోని క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఈ గుర్తుల పట్టిక, పొట్టి మాటల పట్టిక రెండూ ఉచితంగా ఉన్నాయి. అచ్చు తీసి ఎదురుగా గోడకు అంటించుకోండి.

దగ్గర కూర్చుని నేర్చుకోవాలంటే మనకు నరసాపురం ఉంది. పశ్చిమ గోదావరిలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్లలోనే లేసు అల్లుతారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు ఉంది. అక్కడ చూడాల్సింది పువ్వు అల్లడం ఒక్కటే కాదు, అతుకుపని. ఒక్కో పువ్వును విడిగా అల్లి, తర్వాత అన్నిటినీ కలిపి బల్లగుడ్డ చేసే పని అది. ఎవరు అల్లిన పువ్వయినా ఒకే కొలతకు రావాలి, లేకపోతే అతికిన చోట గుడ్డ ఉబ్బుతుంది, లేదా గుంజుకుంటుంది. వీడియోలు ఈ పనిని దాదాపు పట్టించుకోవు. ఎవరి దగ్గరికైనా వెళ్తే ముందుగా దీన్నే చూపించమని అడగండి.

డాలస్ ఊలు

నమూనాలు వెతకడానికి రావెల్రీ వెబ్‌సైట్‌ను మించింది లేదు. 2007లో మొదలైంది, ఖాతా ఉచితం. కానీ చాలామంది దాన్ని బొమ్మలు చూసే చోటుగానే వాడతారు. అసలు బలం వడపోతల్లో ఉంది. నా పద్ధతి ఇది: ముందు అల్లికో క్రోషేనో ఎంచుకుంటాను, తర్వాత ఉచితం, తర్వాత నా దగ్గరున్న ఊలు లావు, ఆ తర్వాత ఎన్ని మీటర్లుందో. అప్పుడు నమూనా పేజీ తెరిచి, ఆ నమూనాను ఇప్పటికే అల్లినవాళ్ల ప్రాజెక్టులు చూస్తాను. వాళ్లు రాసుకున్న గమనికల్లో "32వ వరసలో లెక్క తప్పు", "చెయ్యి పొడవు చాలలేదు" లాంటివి దొరుకుతాయి. వాటి విలువ నమూనా కన్నా తక్కువేమీ కాదు.

డబ్బు పెట్టి కొనే నమూనాల్లో ఇప్పుడు కొత్త బెడద వచ్చింది. కంప్యూటరు సృష్టించిన బొమ్మ పెట్టి, లోపల పొంతన లేని రాత అమ్ముతున్నారు. బొమ్మను పెద్దది చేసి చూడండి. వరసలు ఎక్కడో మొదలై ఎక్కడో కలిసిపోతుంటే, కుట్టును కుట్టుగా గుర్తుపట్టలేకపోతే అది అల్లిన వస్తువు కాదు. నిజమైన నమూనాలో సూది మిల్లీమీటర్లు, 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు, మొత్తం ఎన్ని మీటర్ల ఊలు, ప్రతి వరస చివర ఎన్ని కుట్లుండాలి అన్నవి ఉంటాయి. వరస చివరి లెక్క లేని నమూనా కొత్తవాళ్లు ముట్టుకోవద్దు. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో పట్టుకునే దారి ఉండదు.

పాత లేసు నమూనాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ చూడండి. హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ముఖ్యంగా గళ్ల లేసుకు, అంటే ఫిలే క్రోషేకి, అవి నిధులు. రాత అర్థం కాకపోయినా గళ్ల పటం ఉంటే చాలు.

నిర్వాహకులు

ఒక్క మాట. కొన్న నమూనాల పీడీఎఫ్‌లు ఇక్కడ పెట్టకండి, అడగకండి. ఉచిత నమూనాల లింకులు పెట్టుకోవచ్చు.

పసుపుదారం

కుట్టు కాళ్ల సంగతి చూసుకున్నానండీ, నా పర్ల్ ఎదురు దిక్కునే ఉంది. ఇంకో రెండు ప్రశ్నలు. 10 సెం.మీ. నమూనా గుడ్డ తప్పకుండా అల్లాలా? క్రోషేలో గుండ్రటి చాప అల్లితే అంచు అలలు అలలుగా లేస్తోంది, ఎందుకు?

సూదిమొన

తప్పకుండా అల్లాలి, అదీ 10 సెం.మీ. కాదు, 15 సెం.మీ. చదరం. అంచుల దగ్గర కుట్లు వంకర పోతాయి కాబట్టి నడిమి 10 సెం.మీ.లో లెక్కపెట్టాలి. లెక్క ఎంత ముఖ్యమో చూడండి. నమూనాలో 10 సెం.మీ.కి 22 కుట్లు, చుట్టుకొలత 90 సెం.మీ. అన్నారు, అంటే 198 కుట్లు. మీ చేతికి 20 కుట్లే వస్తున్నాయి. అవే 198 కుట్లు వేస్తే 99 సెం.మీ. అవుతుంది. 10 సెం.మీ.లో రెండంటే రెండు కుట్ల తేడా, స్వెటరు 9 సెం.మీ. వదులు. కుట్లు తక్కువ వస్తుంటే సన్న సూదికి, ఎక్కువ వస్తుంటే లావు సూదికి మారండి. చేతిని బలవంతంగా బిగించి సరిచేయాలని చూడకండి, నాలుగు వరసలయ్యాక చెయ్యి మళ్లీ తన దారిన తాను పోతుంది.

కొలిచే ముందు ఆ గుడ్డను ఉతికి, పరిచి ఆరబెట్టాలి. నూలు దారం ఉతికితే పొడవులో కుంచించుకుపోవచ్చు, ఉన్ని కుట్లు విచ్చుకుని సర్దుకుంటాయి. అక్రిలిక్ నీటికి పెద్దగా లొంగదు, ఆవిరి పడితే మాత్రం శాశ్వతంగా సాగి వాలిపోతుంది. ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి.

లేసుసీమ

అలలు లేచాయంటే కుట్లు ఎక్కువయ్యాయి, గిన్నెలా ముడుచుకుందంటే తక్కువయ్యాయి. గుండ్రం చదునుగా రావాలంటే సింగిల్ క్రోషే అయితే 6తో మొదలుపెట్టి ప్రతి చుట్టుకూ 6 పెంచాలి. హాఫ్ డబుల్‌కి 8, డబుల్‌కి 12. అంటే సింగిల్‌లో చుట్ల చివర లెక్క 6, 12, 18, 24, 30 ఇలా పోవాలి. పెంచే కుట్లు ప్రతి చుట్టులో ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం కాస్తా షడ్భుజి అవుతుంది. ఒక చుట్టులో వరస మొదట్లో పెంచితే, తర్వాతి చుట్టులో నడిమికి జరపండి.

ఈ లెక్క పక్కాగా పాటించినా గిన్నెలా ముడుచుకుంటే లోపం లెక్కలో లేదు, బిగువులో ఉంది. కొక్కెం సైజు పావు నుంచి అర మి.మీ. పెంచి చూడండి.

తిన్నగా అల్లే గుడ్డలో కొత్తవాళ్లను ఏడిపించేది అంచు. వరస వరసకూ సన్నబడి త్రికోణం తయారవుతుంది. డబుల్ క్రోషేలో తిరిగేటప్పుడు వేసే 3 చైన్లే ఆ వరసలో మొదటి కుట్టు. కాబట్టి కిందనున్న మొదటి కుట్టును వదిలేసి రెండోదాంట్లో గుచ్చాలి, వరస ముగిసేటప్పుడు కింది వరస 3 చైన్ల తలలో తప్పకుండా ఒక కుట్టు వేయాలి. ఆ ఆఖరుది మర్చిపోతే వరసకొకటి పోతుంది. సింగిల్ క్రోషేలో తిరిగే 1 చైన్‌ను కుట్టుగా లెక్కపెట్టకూడదు, మొదటి కుట్టులోనే గుచ్చాలి. ఈ రెండింటి తేడా చెప్పని పాఠంలోకి తల దూర్చకండి. ప్రతి వరసలో మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ రంగు దారం ముక్క గుర్తుగా కట్టుకుంటే తప్పు ఆ వరసలోనే దొరుకుతుంది.

ఎడమచేయి

ఎడమచేతి వాటం వాళ్లకు ప్రత్యేకంగా పాఠాలు వెతుక్కోవాలా? వీడియోను అద్దంలోలా తిప్పి చూస్తే సరిపోదా?

లేసుసీమ

క్రోషేకి సరిపోతుంది. ఎడమచేత్తో అల్లినప్పుడు వరస ఎడమ నుంచి కుడికి పోతుంది, గుండ్రం గడియారం ముళ్ల దిక్కున తిరుగుతుంది. రాతలో ఉన్న నమూనాను ఉన్నదున్నట్టు అల్లితే వచ్చేది అద్దంలో బొమ్మ. పువ్వులకు ఫరవాలేదు. గళ్ల లేసులో అక్షరాలుంటే తిరగబడతాయి. గళ్ల పటం చూసి అల్లేటప్పుడు మాత్రం మొదటి వరసను ఎడమ నుంచి కుడికి చదవండి, బొమ్మ సరిగ్గానే వస్తుంది. అందుకే ఎడమచేతివాళ్లకు రాత కన్నా పటమే మేలంటాను.

సూదిమొన

ఊలు అల్లికకు నా సలహా వేరు. అందులో రెండు చేతులకూ పని ఉంది. పోగును ఎడమచేతి వేలి మీద పట్టే యూరప్ పద్ధతిలో అసలు పనంతా ఎడమచేతిదే. ముందు అది ప్రయత్నించండి, నమూనాలన్నీ మార్పు లేకుండా పనికొస్తాయి. పూర్తిగా తిరగేసి అల్లితే కుడికి వాలే తగ్గింపు, ఎడమకి వాలే తగ్గింపు తారుమారవుతాయి. ప్రతి నమూనాలో వాటిని మార్చుకుంటూ పోవాలి.

కదురు పురి

నూలు వడకడం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే ఒక హెచ్చరిక. మీకు కనబడే వీడియోల్లో ఎక్కువ భాగం విదేశాల్లో ఉన్ని వడికేవాళ్లవి. గాలిలో వేలాడే బరువైన కదురు, అరచేయంత పొడవున్న ఉన్ని పోగులు. పత్తికి ఆ పద్ధతి కుదరదు. పత్తి పీచు పొడవు సుమారు 2 నుంచి 3 సెం.మీ. అంత పొట్టి పీచు సన్నటి నూలుగా నిలబడాలంటే పురి బాగా ఎక్కాలి, పురి ఎక్కేలోపు దాని మీద బరువు పడకూడదు. అందుకే పత్తికి తకిలీని గిన్నెలోనో చిప్పలోనో ఆనించి తిప్పుతారు, లేదా రాట్నం మీద వడుకుతారు. వెతికేటప్పుడు సపోర్టెడ్ స్పిండిల్, కాటన్, లాంగ్ డ్రా అన్న మూడు మాటలూ కలిపి వెతకండి. లేకపోతే ఉన్ని వీడియోలే వచ్చిపడతాయి.

దూది విషయంలో ఒకటే నియమం: మందుల కొట్టు దూది వద్దు. దాన్ని ఉడకబెట్టి తెల్లబరిచేటప్పుడు పీచు మీదుండే సహజమైన మైనం పోతుంది, పైగా పొట్టి పీచు ఎక్కువ. పీచు ఒకదాని మీద ఒకటి జారదు, ఉండలు కడుతుంది, తెగుతుంది. తప్పు చేతిదనుకుని కొత్తవాళ్లు పని మానేస్తారు. ఖాదీ సంస్థల దగ్గర తయారైన ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు) అడగండి. లేదా గింజ తీసిన పత్తిని చేతి బ్రష్షులతో ఏకి, సన్న పుల్ల మీద వదులుగా చుట్టి, పుల్ల లాగేయండి.

తకిలీకి 30 సెం.మీ. ఆధారపోగు కట్టండి. దాని కొస మీద ఏకు చివరి పీచును కొద్దిగా పరిచి, తకిలీ తిప్పండి, పట్టుకుంటుంది. ఇప్పుడు ఏకు ఉన్న చేతిని నెమ్మదిగా వెనక్కి లాగుతూ పోవాలి. ఏకును పిచ్చుకపిల్లను పట్టుకున్నంత తేలిగ్గా పట్టాలి. బిగించారో, పీచు కదలదు. పోగు తకిలీ మొనకు ఏటవాలుగా ఉన్నంతసేపు ప్రతి తిప్పుకూ మొన మీద నుంచి జారి ఒక పురి ఎక్కుతుంది. చెయ్యి చాచినంత పొడవు వచ్చాక లాగడం ఆపి, ఇంకొన్ని తిప్పులు అదనంగా ఇవ్వండి. ఆ తర్వాత కొద్దిగా వెనక్కి తిప్పి మొన దగ్గరి చుట్లు విప్పి, పోగును కదురుకు అడ్డంగా తెచ్చి చుట్టేయాలి. చుట్టింది అడుగున లావుగా, పైకి సన్నగా ఉండాలి.

తేడాలు ఇక్కడే వస్తాయి. పురి ఏకులోకి ఎక్కిపోతే పీచు ముడిపడి ఇక లాగబడదు. చూపుడువేలు, బొటనవేలితో పురిని ఆపి, ఏకును కొద్దిగా వెనక్కి తిప్పి వదులు చేయండి. లావు ఉండ వచ్చిందా? పురి పూర్తిగా ఎక్కకముందే ఉండకు అటూ ఇటూ పట్టుకుని కొంచెం పురి విప్పి లాగితే సర్దుకుంటుంది. పురి గట్టిపడ్డాక లాగితే పక్కనున్న సన్న చోట తెగుతుంది. తెగితే ముడి వేయకండి. కొసను విప్పి దూదిలా చేసి, 5 సెం.మీ. మేర ఏకు పీచుతో కలిపి మళ్లీ పురి ఎక్కించండి. చుట్టాక పోగు తనంతట తాను జారి విడిపోతుంటే పురి చాలలేదు. ఎండ మండే పొడి వేళల్లో పోగు ఎక్కువగా తెగుతుంది. పత్తికి తేమ ఉంటే బలం, తెల్లవారుజామున వడికి చూడండి, తేడా తెలుస్తుంది.

పురి ఎంత కావాలో ఊహించనక్కర్లేదు, లెక్క ఉంది. నూలు నంబరుకు (మిల్లు నూలుకు వాడే ఇంగ్లీషు నంబరు, పెరిగేకొద్దీ నూలు సన్నం) వర్గమూలం తీసి 4తో గుణిస్తే అంగుళానికి ఎన్ని పురులో వస్తుంది. 25 నంబరుకు 5 నాళ్లు 20, 36 నంబరుకు 6 నాళ్లు 24. పేటీ రాట్నం (పెట్టెలో అమర్చిన రాట్నం) మీదైతే, పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే కదురు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఒకసారి లెక్కపెట్టుకోండి. అది 100 అనుకుందాం. 24 అంగుళాల పోగుకు 24 చొప్పున 576 పురులు, అంటే చక్రం సుమారు ఆరు చుట్లు.

నేర్చుకునే చోట్లంటే మొదట చెప్పాల్సింది శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడ పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నటి పళ్ల వరస పీచును ఒక దిక్కుకు తీర్చి, చెత్తను వదిలిస్తుంది. తర్వాత గింజ తీయడం, ఏకడం. తయారైన ఏకును ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. చేతి చెమట, ఒత్తిడి ఏకుకు తగలకుండా ఆ దొప్ప కాపాడుతుంది. ఎక్కడైనా సరే అనుకరించదగిన కిటుకు. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం అక్కడిదే. వార్ధాలో మగన్ సంగ్రహాలయంలో రకరకాల రాట్నాలు చూడొచ్చు, గాంధీజీ యరవాడ జైల్లో రూపుదిద్దిన పేటీ రాట్నం రకంతో సహా. అంబర్ రాట్నం మీద మాత్రం మొదలుపెట్టకండి. దాంట్లో పీచును రోలర్లు లాగుతాయి, మీ వేళ్లకు ఏమీ తెలియదు.

మల్లన్నగొర్రె

తెలంగాణలో గొంగడి నేసే కురుమల ఇళ్లలో దక్కనీ గొర్రె ఉన్ని వడకడం చూడొచ్చు కదా, అది కూడా చెప్పండి.

కదురు పురి

నిజమే, చెప్పాల్సింది. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు, అనంతపురం వైపు చూడొచ్చు. దక్కనీ ఉన్ని గరుకు, వెంట్రుక పాలు ఎక్కువ. గొంగడికి, చాపకు, సంచికి గట్టిగా నిలుస్తుంది. ఒంటికి తగిలే స్వెటరుకు పనికిరాదు, గుచ్చుకుంటుంది. దాని పీచు పొడవు పత్తి కన్నా ఎక్కువ కాబట్టి చెయ్యి తిరగడం కొత్తవాళ్లకు సులువే. గొంగడి పోగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గరుకు పీచు పైకి లేవకుండా అణిగి ఉండి, మగ్గం మీద పోగు పోగుకు రాసుకోకుండా నడుస్తుంది.

పసుపుదారం

మొదటి అల్లికకు ఏ దారం కొనాలో ఇంకా తేలలేదండీ. కొట్టులో 4 ప్లై అడిగితే ఒక్కోచోట ఒక్కో లావుది ఇస్తున్నారు.

డాలస్ ఊలు

ప్లై అంటే ఎన్ని పోగులు పేనారన్నది, లావు కాదు. గ్రాములకు ఎన్ని మీటర్లో చూడండి. 100 గ్రాములకు 400 మీటర్లుంటే మేజోళ్ల సన్న ఊలు, 220 నుంచి 240 ఉంటే 4 మి.మీ. సూదికి కుదిరే మధ్యరకం, 200 ఉంటే కాస్త లావు. మొదటి పనికి మధ్యరకం తీసుకోండి. నలుపు, ముదురు నీలం వద్దు, కుట్టు కనబడదు. బొచ్చు ఊలు అసలే వద్దు, విప్పేటప్పుడు పోగులు చిక్కుపడతాయి. లేత రంగు, నున్నటి పోగు.

సూదిమొన

లేత రంగు, నున్నటి పోగు అన్నదానితో ఏకీభవిస్తాను. కానీ మన వేడికి పనికొస్తుందని నూలు దారంతో ఊలు అల్లిక మొదలుపెట్టొద్దు. నూలు సాగదు, కుట్టు బిగుతు తేడాలన్నీ బట్ట మీద అచ్చు పడతాయి, వేళ్లు నొప్పెడతాయి. నడుము పట్టీలు వదులై వేలాడతాయి. అక్రిలిక్, ఉన్ని కలిసిన మధ్యరకం మేలు.

లేసుసీమ

క్రోషేకి దానికి తిరగేసి చెబుతాను, నూలే మేలు. సాగదు కాబట్టే గుండ్రం గుండ్రంగా నిలుస్తుంది. వెంటనే సన్న లేసు దారం పట్టకండి. మధ్యరకం నూలుతో 3.5 లేదా 4 మి.మీ. కొక్కెం పట్టి, గుండ్రం, చదరం తప్పు లేకుండా వచ్చాక 10 నంబరు దారానికి, సుమారు 1.5 మి.మీ. ఉక్కు కొక్కేనికి రండి. ఆపైన 20, 40. లేసు దారంలో నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది.

అప్పుడు మొదటి లేసు పనిగా గళ్ల లేసు పట్టుకోండి, పటం చదవడం, లెక్క, బిగువు మూడూ ఒకేసారి పట్టుబడతాయి. ఖాళీ గడి అంటే ఒక డబుల్, 2 చైన్లు, కింద 2 వదిలి మళ్లీ డబుల్. నిండు గడిలో ఆ 2 చైన్ల బదులు 2 డబుల్స్. పక్క గడితో చివరి డబుల్ ఉమ్మడి. మొదటి వరస నిండు గడితో మొదలైతే గళ్ల సంఖ్యను 3తో గుణించి 3 కలిపినన్ని చైన్లు వేసి, కొక్కెం నుంచి 4వ చైన్‌లో గుచ్చాలి. ఖాళీ గడితో మొదలైతే 3తో గుణించి 5 కలిపి, 8వ చైన్‌లో గుచ్చాలి. 20 గళ్లకు 63, 65 అన్నమాట. మొదటి చైన్ వరస బిగిస్తే గుడ్డ అడుగు విల్లులా వంగుతుంది, ఆ ఒక్క వరసకు ఒక సైజు పెద్ద కొక్కెం వాడండి. గళ్లు చదరంగా కాక నిలువుగా సాగి నెమలి కాస్తా కొంగలా కనబడుతుంటే, డబుల్‌కి పైకి లాగే మొదటి ఉచ్చు (లూప్) ఎత్తు తగ్గించండి. అందరూ దారం బిగిస్తారు, దాంతో గడి వెడల్పు కూడా తగ్గి బొమ్మ ఇంకా సాగుతుంది.

ఎడమచేయి

అల్లడం అయ్యాక గంజి పెట్టే పద్ధతి కూడా చెప్పండి. నాది ఆరాక ముడుచుకుపోతోంది.

లేసుసీమ

ముందు సబ్బునీళ్లలో ఉతికి బాగా జాడించండి, చేతి మురికి మీద గంజి పడితే పసుపు మరకలవుతాయి. పలుచటి అన్నం గంజిని గుడ్డలో వడగట్టి, లేసును ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. థర్మోకోల్ పలక మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, నడిమి నుంచి మొదలుపెట్టి తుప్పు పట్టని పిన్నులు గుచ్చాలి. ముందు నాలుగు దిక్కులా, తర్వాత వాటి నడుమ, చివరగా ప్రతి రేకు కొసకూ. ఎదురెదురు రేకుల దూరం స్కేలుతో కొలిచి సమానం చేయండి. నీడలో పూర్తిగా ఆరేదాకా పిన్ను తీయకండి. మీది ముడుచుకోవడానికి కారణం తడి ఉండగానే తీయడం అయ్యుండాలి. వడగట్టని గంజి అయితే రంధ్రాల్లో తెరలు కడుతుంది, ఆరకముందే సూదితో పొడిచి తీసేయండి.

పసుపుదారం

తకిలీ నూలును నేరుగా క్రోషేకి వాడొచ్చా, కదురు పురి గారూ?

కదురు పురి

ఒంటి పోగుగా వాడితే గుడ్డ ఒక పక్కకి ఒరుగుతుంది. రెండు పోగులు కలిపి, వడికిన దిక్కుకు ఎదురుగా పేనండి. పేనిన ముక్కను మధ్యకు మడిచి వేలాడదీస్తే మెలిపడకుండా ఉండాలి, అప్పుడు పురి సరిపోయినట్టు. చిలపగా, అంటే పెద్ద వలయంలా చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టి, లీటరు నీళ్లకు చెంచా బట్టల సోడా వేసి అరగంట ఉడికించండి. నీళ్లు పసుపు గోధుమ రంగుకు తిరుగుతాయి, అది పత్తిలోని మైనం, మురికి. జాడించి, చిలపకు చిన్న బరువు కట్టి ఆరేయండి. నంబరు తెలియాలంటే పేనకముందు 100 మీటర్ల ఒంటి పోగు కొలిచి, నగలు తూచే చిన్న త్రాసు మీద తూచండి. 2.5 గ్రాములుంటే గ్రాముకు 40 మీటర్లు, అంటే మెట్రిక్ 40. దాన్ని 0.59తో గుణిస్తే మిల్లు నూలుకు వాడే ఇంగ్లీషు నంబరు, దాదాపు 24. వంటింటి త్రాసు ఈ పనికి ఆనదు.